తదితరులు గారి కన్నీళ్ళు

ఫిబ్రవరి 3

బావమరిదీ,

నువ్వు బాగానే ఉన్నావని మా అమ్మాయి చెప్పింది. సరే. నాకు ఫోన్ మాత్రం చెయ్యకు. ఈ వణుకుడు జబ్బుతో నా గొంతు గుసగుసలోకి దిగిపోయింది. నీ చెవి ఎప్పటినుంచో మొండికేసింది. కిందటిసారి "డాక్టరు మారాడు" అని నేనంటే, "డాక్టరు పారిపోయాడా, ఎవరితో?" అని నువ్వు అడిగావు. నీకూ నాకూ కాగితమే నయం. నా అక్షరాలు చీమలంత అయ్యాయి. ఫొటో స్టూడియో మూసేసినా నీ భూతద్దం పారేసి ఉండవు. దానితో చదువు.

పనుండి రాస్తున్నాను. మా నిఘంటువు కొత్త కూర్పు వస్తోంది. మార్చి మొదటి ఆదివారం మా పాత ఆఫీసు హాల్లో ఆవిష్కరణ. పాత ఉద్యోగుల్లో ఇంకా కాళ్ళమీద నిలబడగలిగిన వాళ్ళని పిలిచారు. తలా ఐదు నిమిషాలు మాట్లాడవచ్చట. సభకు అధ్యక్షుడు మా ప్రధాన సంపాదకుడు. రిటైరయ్యాక మీ ఊరు చేరి, పొద్దున్నే పార్కులో నీ పక్కనే నడుస్తున్నాడని విన్నాను. నువ్వు స్నేహాలు చేసే తీరు నాకు కొత్తకాదు.

ఆ నిఘంటువుకి నేను ఎంతకాలం పదాలు ఏరానో నీకు తెలుసు. మీ అక్క నన్ను పెళ్ళి చేసుకుందో పదకోశాన్ని చేసుకుందో తెలియదని నువ్వే అనేవాడివి. పుస్తకం అచ్చయ్యాక ఆయన రాసిన పీఠిక చూశాను. కాగితం అమ్మినవాడికి కృతజ్ఞతలు. బైండింగు చేసినవాడికి కృతజ్ఞతలు. టీ తెచ్చే ముసలమ్మకీ, తన కళ్ళజోడు బిగించినవాడికీ కృతజ్ఞతలు. చివర్లో "తదితరులకు" కృతజ్ఞతలు. ఆఫీసులో అందరినీ పేరుపేరునా లెక్కేశాను. తదితరుల్లో మిగిలింది నేనొక్కణ్ణే. ఒక్క మనిషికి బహువచనం వాడటం వ్యాకరణ దోషం కూడాను.

ఆ తర్వాత ఏదో పెళ్ళి భోజనాల దగ్గర, "తదితరులు గారూ, ఇటు కూర్చోండి" అని పదిమందిలో నన్ను పిలిచింది నువ్వు. అందరూ నవ్వారు. మీ అక్క కూడా నవ్వింది. ఆమెను క్షమించాను.

నేను చదవబోయేది సిద్ధంగా ఉంది. నాలుగు పేజీలు. ఆయన ముందు, మైకులో, మాట మాటా విడదీసి చదువుతాను. ఇన్నేళ్ళూ నేను ఆగింది దీనికోసమే. ఇక నీ సంగతి. మా ఆఫీసు గ్రూపు ఫొటో తీసింది నువ్వే. అందులో సంపాదకుడు కుర్చీ నిండా ఉన్నాడు, నావి ఒక భుజమూ ఒక చెవీ ఉన్నాయి. ఆ ఫొటో కాపీ ఒకటి పంపించు. చదివేటప్పుడు ఎత్తి చూపిస్తాను.

ఇట్లు,
మీ అక్క మొగుడు


ఫిబ్రవరి 11

బావగారికి నమస్కరించి మీ బావమరిది రాసేది.

మీ ఉత్తరం అందింది. భూతద్దం పెట్టి రెండుసార్లు చదివాను. మీ చెల్లెలు వచ్చి, "మీ బావగారు ఏం తిట్టారు?" అని అడిగింది. తిట్టలేదు, ఏడ్చారు అన్నాను.

నా దగ్గర దాచలేరు బావగారూ. సిరా ఎక్కడెక్కడ అలుక్కుపోయిందో భూతద్దంలో చూశాను. బతుకంతా తడి ఫొటోలు తాడుకి వేలాడదీసి ఆరబెట్టినవాణ్ణి. కాగితం మీద పడిన చుక్క కుళాయిదో చెమటదో, ఎంత ఎత్తునుంచి పడిందో చూడగానే చెప్పేస్తాను. ఇవి ముఖం కాగితం మీదికి వంచినప్పుడు ఒక్కొక్కటే జారిన చుక్కలు. అయినా అనుమానం ఎందుకని ఒక మరకకి నాలుక కొస ఆనించి చూశాను. ఉప్పగా ఉంది.

ఎక్కడ పడ్డాయో కూడా చూశాను. డాక్టరు దగ్గర లేవు. నా స్నేహాల దగ్గర లేవు. "ప్రధాన సంపాదకుడు" దగ్గర ఒకటి, బైండింగువాడి దగ్గర రెండు, "తదితరుల్లో మిగిలింది నేనొక్కణ్ణే" అన్నచోట మూడు. మీరు తిట్టినచోటల్లా మీ కళ్ళు తడిశాయి. పైకి కారంగా ఉన్నా లోపల వెన్న అని అక్క అంటుంటే నేను నమ్మేవాణ్ణి కాదు.

ఇంత తెలిశాక ఊరుకోలేక పొద్దున పార్కులో మీ సంపాదకుడుగారికి చెప్పాను. ఉత్తరం కూడా చూపించాను. కంగారుపడకండి, భూతద్దం ఇవ్వలేదు, మీ చీమల అక్షరాల్లో తిట్లు చదవలేరు, మరకలు మాత్రమే చూశారు. ఆయన మరకలన్నీ వరసగా చూసి, అక్కణ్ణుంచే ఇంటికెళ్ళిపోయారు. నడక కూడా పూర్తి చెయ్యలేదు. సాయంత్రం నిర్వాహకులకు ఫోన్ చేసి, మిమ్మల్ని వేదికమీద తన పక్క కుర్చీలో కూర్చోబెట్టమన్నారట.

ఫొటో వెతుకుతున్నాను. మీ రెండో చెవి నెగెటివ్‌లో ఉందేమో చూస్తాను. సభకి రావాలనే ఉంది గాని ఆ వారమే నా కంటికి ఆపరేషను.

మీ
బావమరిది


ఫిబ్రవరి 16

బావమరిదీ,

నీ ఉత్తరం వచ్చిన రోజే నిర్వాహకుల ఉత్తరం కూడా వచ్చింది. "పాత స్పర్ధలను కన్నీళ్ళతో కడిగేసుకున్న మీ పెద్దమనసుకు" అని మొదలుపెట్టారు. నేను దాన్ని నాలుగుసార్లు చదివాను. నా జీవితంలో ఇంత అవమానం "తదితరులు" కూడా చెయ్యలేదు.

నేను ఏడవలేదు. పక్కన పెట్టుకున్న గ్లాసులో నీళ్ళు ఒలికాయి. కిటికీ తీసి ఉంటే జల్లు కూడా కొట్టింది. ఈ రెండిట్లో నీకు నచ్చింది నమ్ము. ఆ మనిషి కోసం నేను కన్నీరు కార్చానని ఊరంతా చెప్పుకుంటే, నేను రాసుకున్న నాలుగు పేజీలు ఎవరు వింటారు? తిట్టడానికి లేచినవాణ్ణి చూసి, పాపం మళ్ళీ ఏడుస్తాడు అనుకుంటారు. తెలిసి చేశావో తెలియక చేశావో, నా కత్తికి నువ్వు దూది చుట్టావు.

వేదికమీద కుర్చీ నాకు వద్దు. చివరి వరుసలో కూర్చుంటాను. పేరు పిలిస్తే వస్తాను, చదువుతాను, వెళ్ళిపోతాను. ఆ మాట ఆయనకు చెప్పు. కారణం అడిగితే చెప్పకు.

ఇంకొకటి. పరాయివాళ్ళ ఉత్తరాలు నాకి చూసే అలవాటు నీకు ఎప్పటినుంచి? ఇంకెప్పుడూ అలాంటి పని చెయ్యకు. ఇది కోపంతో అంటున్నది కాదు. నీ ఆరోగ్యం గురించి అంటున్నాను.

ఇట్లు,
ఏడవని మనిషి


ఫిబ్రవరి 21

బావగారికి,

ఈసారి మరకలు రెట్టింపు. "నేను ఏడవలేదు" అన్న వాక్యం మీదే నాలుగు. సంతకం దగ్గర "ఏడవని" అన్న మాట పూర్తిగా చెరిగిపోయి "మనిషి" ఒక్కటే మిగిలింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

జల్లు అన్నారు. మీ అమ్మాయికి ఫోన్ చేసి మీ ఊళ్ళో వానలు ఎలా ఉన్నాయని అడిగాను. ఎండకి కుండీల్లో మొక్కలు మాడిపోతున్నాయంది. నాన్న ఎలా ఉన్నారే అని అడిగితే, "ఏం చెప్పను మామయ్యా, పొద్దున లేచేసరికి దిండు తడిసి ముద్దవుతోంది, రోజుకో గలీబు ఉతుకుతున్నాను" అంది. నేను ఫోన్ పెట్టేశాను.

అక్క పోయి ఇన్నేళ్ళయింది. మీరు ఒక్కసారైనా ఎవరి ముందూ కన్ను తడిచేసుకోలేదు. శవం పక్కన కూర్చుని వార్తాపత్రికలో అచ్చుతప్పులు గీశారని నేనే నలుగురిలో అన్నాను. ఇప్పుడు ఆ నోరు కొట్టుకోవాలనుంది. రాత్రిళ్ళు దిండులో ముఖం పెట్టి ఏడ్చే మనిషిని పట్టుకుని తదితరులు అన్నానా అని.

దిండు సంగతి కూడా సంపాదకుడుగారికి చెప్పాను. చెప్పకూడదేమో గాని మనసు ఆగలేదు. "రోజూ తడుస్తుందా?" అని ఒక్క మాట అడిగారు. అవునన్నాను. చివరి వరుస సంగతీ చెప్పాను. "వద్దు, నా పక్కనే కూర్చోవాలి. ఏం చదివినా వింటానని చెప్పండి" అన్నారు. మీకు ఇంకేం కావాలి బావగారూ?

ఫొటో దొరికింది. నెగెటివ్‌లో కూడా ఒక చెవే ఉంది. తప్పు నాదే.

మీ
బావమరిది


ఫిబ్రవరి 25

బావమరిదీ,

కూర్చుని చదువు. పక్కన మంచినీళ్ళు పెట్టుకో.

నువ్వు నాకి చూసింది కన్నీళ్ళు కాదు. చొంగ.

అవును, నా చొంగ. ఈ జబ్బులో చెయ్యి వణకడం లోకానికి తెలుసు. నడక చిన్నదైపోవడం తెలుసు. ముఖం చెక్కబొమ్మలా బిగుసుకుపోవడం కూడా కొందరికి తెలుసు. నా విషయంలో అది ఎవరూ గమనించలేదు, నా ముఖం మొదటినుంచీ అంతే. నోటి మూలనుంచి కారేది మాత్రం ఎవరికీ తెలియదు, తెలిసినవాళ్ళు మాట్లాడరు. నాకు నోట్లో ఎక్కువ ఊరుతోందనుకుని నీళ్ళు మానేసి దప్పికతో పడుకున్నాను కొన్నాళ్ళు. అది కాదట. ఊరేది అందరికీ ఊరేంతే. ఆరోగ్యంగా ఉన్నవాడు తనకి తెలియకుండానే మాటిమాటికీ గుటక వేస్తుంటాడు. నా ఒళ్ళు ఆ పని మర్చిపోతోంది. తల వంచినప్పుడు, దేనిమీదైనా ధ్యాస మళ్ళినప్పుడు మరీ మర్చిపోతుంది. తిట్టేటప్పుడు నా ధ్యాస ఎంత గట్టిగా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు. నువ్వు భూతద్దంతో కనిపెట్టిన రహస్యం అదీ.

డాక్టరమ్మ చిన్నపిల్ల. "మీరు మింగడం మర్చిపోతున్నారండీ" అంది. మా అమ్మాయి పక్కనుంచి, "మా నాన్నకు మింగడం ఎప్పుడు వచ్చిందని? ఎవరు ఒక్క మాటన్నా దిగమింగిన మనిషి కాదు" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. గడ్డం పైకెత్తమన్నారు, గుర్తుచేసుకుని గుటక వేయమన్నారు, చూయింగ్ గమ్ నమలమన్నారు. నిఘంటువు చేసినవాణ్ణి సినిమాహాలు దగ్గర కుర్రాడిలా నములుతూ కూర్చున్నాను. దిండు తడిసేదీ ఈ చొంగతోనే. మీ అక్క కోసం ఏడవలేదని అనడం లేదు. అది నీకు లెక్కచెప్పాల్సిన విషయం కాదు.

బేకరీ అద్దాల ముందు మా అమ్మాయి రొట్టె కొంటుంటే నిలబడ్డాను. కొట్టతను నా నోటివంక చూశాడు, అద్దంలో కేకువంక చూశాడు, జాలిపడి ఒక ముక్క కోసి నా చేతిలో పెట్టి "డబ్బులొద్దు పెద్దాయనా, తినండి" అన్నాడు. తిన్నాను, అది వేరే సంగతి. లైబ్రరీలో పేపరు చదువుతుంటే ఒక చుక్క సంపాదకీయం మీద పడింది. ఆ సంపాదకీయానికి అది తగినదే గాని, పక్కనున్న పెద్దమనిషి కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. ఆ రోజునుంచి లైబ్రరీ మానేశాను.

ఒక తమాషా చెప్పనా? మా నిఘంటువులో ఆ పదానికి అర్థం రాసింది నేనే. "చొంగ: పసిపిల్లల నోటినుండి కారు లాలాజలము." పసిపిల్లల అని రాశాను. అప్పట్లో పెద్దవాళ్ళ సంగతి నాకు తోచలేదు. ఎవరూ సవరించనూ లేదు.

ఇప్పుడు నువ్వు చేసిన నిర్వాకం చూడు. చివరి వరుసలో తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చుని, ఐదు నిమిషాలు గట్టిగా తమాయించుకుని చదివి బయటపడదామనుకున్నాను. ఒంటరిగా సాధన కూడా చేశాను. నువ్వు నన్ను వేదికమీద, లైట్ల కింద, హాలు మొత్తానికి ఎదురుగా కూర్చోబెట్టావు. ఇప్పుడు నాకు రెండు దారులు. అది కన్నీరని ఒప్పుకుంటే ఆయన గెలిచాడు. చొంగ అని చెబితే నేను పోయాను. ఏది చెప్పాలో నాకు తెలియదు, అందుకని వెళ్ళను. నాలుగు పేజీలూ అలమరలో పడేశాను. ఆయనకు ఏమీ చెప్పకు. నువ్వు ఏం చెప్పినా అది ఇంకోటి అవుతోంది.

ఇట్లు,
నీ బావ


ఫిబ్రవరి 28

బావగారూ,

ఉత్తరం చదివాక నాలుక మూడుసార్లు తోముకున్నాను. మీ చెల్లెలు అడిగితే చెప్పాను. ఆవిడ ఇంకా నవ్వుతోంది. రేపు కంటికి ఆపరేషను పెట్టుకుని నవ్వకూడదన్నారు గాని, నేనూ ఆగలేకపోతున్నాను. మిమ్మల్ని చూసి కాదు. ఉప్పగా ఉందని ఎంత ధీమాగా తీర్పు చెప్పాను.

నవ్వు అయ్యాక మాత్రం కష్టంగా అనిపించింది. నాకు చెప్పి ఉండొచ్చుగా? మీ నోటికి ఎన్నిసార్లు భయపడ్డానో గాని, అసహ్యం ఎప్పుడూ పడలేదు.

సంపాదకుడుగారికి ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఆయన లేరు కూడా. నిన్ననే మీ ఊరు బయల్దేరారు. మీరు వెళ్ళండి బావగారూ. మర్యాద కోసం కాదు. మీరు వెళ్ళకపోతే ఆయన ఆ మైకులో, "మా మిత్రుడు దుఃఖం ఆపుకోలేక రాలేకపోయాడు" అని చెప్పి కూర్చుంటారు. అప్పుడు మీ తరఫున కాదనేవాడు ఎవడున్నాడు? కన్నీరనుకోనివ్వండి, చొంగ అనుకోనివ్వండి. ఏదైనా మీ నోటితో మీరే చెప్పండి. ఇన్నాళ్ళు తదితరుల్లో ఉన్నది చాలు.

ఫొటో వేరే కవరులో పంపాను. మీ చెవి స్పష్టంగా వచ్చింది.

మీ
బావమరిది


మార్చి 9

బావమరిదీ,

కంటి కట్టు విప్పాకే చదువు. మీ ఆవిడ చేత చదివించుకోకు. నీకోసం రాస్తున్నాను.

వెళ్ళాను. నువ్వు చెప్పావని కాదు. ఆయన నా తరఫున మైకులో మాట్లాడతాడన్న ఊహ భరించలేక వెళ్ళాను. మా అమ్మాయి మూడు చేతిరుమాళ్ళు ఇచ్చింది. వేదికమీద ఆయన పక్క కుర్చీలో గడ్డం పైకెత్తి కూర్చున్నాను. ముఖం ఎలాగూ బిగుసుకుని ఉంది. కింద ఎవరో, "ఇంత వయసొచ్చినా పొగరు తగ్గలేదు" అనడం వినబడింది. అదొక్కటే నాకు ధైర్యం ఇచ్చిన మాట. ఆయన నావైపు తిరగలేదు. పలకరించలేదు. కొత్త కూర్పు చేతికిస్తే ముందు పీఠిక చూశాను. తదితరులు అలాగే ఉన్నారు.

నన్ను పిలిచారు. ఫొటో ఎత్తి చూపించాను. చెవి ఎవరికీ కనబడలేదు. చదవడం మొదలుపెట్టాను. రెండో పేరా దగ్గర తల వంగింది, ధ్యాస తిట్టుమీదికి పోయింది, చుక్క రాలింది. ఇంకొకటి రాలింది. గొంతు గరగరలాడి మాటలు అలుక్కుపోయాయి. ముందు వరుసలో ఒకావిడ కళ్ళొత్తుకుంది. "పాపం, ఎంత గుండెల్లో పెట్టుకున్నాడో" అని ఎవరో అన్నారు. హాలంతా నిశ్శబ్దమైపోయింది, జాలితో. నేను తిడుతున్నాను, వాళ్ళు ఓదారుస్తున్నారు. ఆపేసి కాగితాలు మడిచాను. ఇక చాలనుకున్నాను.

అప్పుడు ఆయన లేచి వచ్చాడు. మైకు సర్దుతున్నట్టు దానిమీద అరచెయ్యి మూశాడు. ఇంకో చేత్తో తన రుమాలు తీసి నా గడ్డం తుడిచాడు. ఎవరూ చూడకుండా, చాలా అలవాటున్న చేత్తో.

"ఇవి కన్నీళ్ళు కావని నాకు తెలుసు," అన్నాడు. "మా ఆవిడకి చివరిదాకా ఇదే. ఆ మరకలు చూడగానే పోల్చుకున్నాను. తలెత్తు. గుటక వెయ్యి."

ఆఫీసులో ఉన్నంతకాలం నన్ను మీరు అన్న మనిషి. నువ్వు అనడం అదే మొదలు. నేను గుటక వేశాను. బావమరిదీ, ఆ మనిషి చెబితే నేను మింగాను.

"నేను చదివేది నిన్ను గురించే," అన్నాను. నాకూ నువ్వే వచ్చింది.

"తెలుసు. వినబడేట్టు చదువు."

మైకుమీద చెయ్యి తీసి, కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. నేను చదివాను. ప్రతి పేరా చివర ఆయన బల్లమీద వేలితో తట్టేవాడు. నేను గుటక వేసి తర్వాతి పేరా అందుకునేవాణ్ణి. నా గొంతు ఏడాదిగా అంత స్పష్టంగా పలకలేదు. ఆయన అహంకారం గురించి ఒక పేరా, తట్టు, గుటక. ఆయన వ్యాకరణం గురించి ఒక పేరా, తట్టు, గుటక. కళ్ళజోడు బిగించినవాడి దగ్గర హాలంతా నవ్వింది. ఈసారి జాలితో కాదు. ఒక్క మనిషికి బహువచనం అన్నచోట ఆయన కూడా నవ్వాడు.

మూడో పేజీ తిప్పుతూ మైకుకి దూరంగా తల పెట్టి అడిగాను, తదితరులు అని ఎందుకు రాశావని.

"కావాలనే రాశాను," అన్నాడు. "నా పీఠిక మొదటి చిత్తులో తప్పులు మన యజమాని ముందు ఎర్రసిరాతో దిద్దావు. ఆ కోపం. గుటక వెయ్యి, ఇంకో పేజీ ఉంది."

అది కూడా చదివాను. ఒక్క మాట తగ్గించలేదు. చప్పట్లు ఎవరికి కొట్టారో నాకు తెలియదు.

టీ ఇచ్చేటప్పుడు ఆయన నా పక్కకి వచ్చి ఆ నాలుగు పేజీలూ ఇమ్మన్నాడు. నా కప్పులో టీ సగం రుమాలుకే పోతోంది, ఆయన చూడనట్టు నిలబడ్డాడు. ఎందుకని అడిగితే, పద్ధతిగా రాశావు, దాచుకుంటాను అన్నాడు. కాగితాలు తడిగా ఉన్నాయన్నాను. ఆరతాయిలే అని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నీ
బావ